రెండు నిమిషాల యాభై ఏడో సెకను

ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకి గెమ్మెల భీముడు గొడ్డలి పట్టుకుని కామేష్ గదిలోకి వచ్చాడు. కామేష్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. భీముడు అతని మెడ పట్టుకుని ముఖాన్ని కీబోర్డు మీద గుద్దాడు. రెండుసార్లు. రెండోసారికి పెదవి చీలింది. పన్ను ఒకటి విరిగి మీటల మధ్య పడింది.

“మా తాత పేరేది?”

కామేష్‌కి ప్రశ్న అర్థం కాలేదు. భీముడు తన ఫోనులో పాట పెట్టాడు. అది కామేష్ ఈ గదిలో రికార్డు చేసి, శుక్రవారం ఊరి వాట్సాప్ గ్రూపులో వేసిన పాట.

“ఇను. జన్నోళ్లున్నారు. సుర్రోళ్లున్నారు. తాడంగి డొంబ్రు ఉన్నాడు. గెమ్మెల బుద్రు ఉన్నాడు. గెమ్మెల డొంబ్రు ఏడి? తొమ్మిది పేర్లకి ఎనిమిదే ఉన్నాయి. నిన్న సంతలో నవ్వేరు. మీ తాతని కుక్కలెత్తుకుపోనాయేట్రా అన్నారు.”

“నానేటీ సెయ్యలేదు,” అన్నాడు కామేష్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. “పెద్దమ్మ పాడింది పాడినట్టే ఉంది.”

భీముడు అతన్ని వదిలేసి బయటికి వెళ్లాడు.

పావుగంట తర్వాత బోరింగు దగ్గర ఆ పాట పాడిన సోములమ్మని కొట్టాడు. గొడ్డలి తిరగేసి, కర్ర కామతో మొదటి దెబ్బ ఎడమ చేతి మీద వేశాడు. మోచేతికీ మణికట్టుకీ మధ్య ఎముక విరిగింది. రెండో దెబ్బ పక్కటెముకల మీద తగిలింది. మూడో దెబ్బకి చెయ్యి ఎత్తినప్పుడు తుడుము వాయించే మంగ్లు వెనక నుంచి నడుం పట్టుకుని లాగాడు. ఇద్దరాడవాళ్లు గొడ్డలి లాక్కున్నారు. సోములమ్మకి అరవై రెండేళ్లు. భీముడు ఆమె అల్లుడు. ఆమె కూతురు నిర్మల చనిపోయి నాలుగేళ్లయింది.

ఇప్పగుడ పాచిపెంట మండలంలో కొండ మీద ఉంది. నలభై ఒక్క గడప. చైత్ర పండగనాడు విత్తనాల బుట్ట ముందు సోములమ్మ పేర్ల పాట పాడుతుంది. మొదట వచ్చి ఊరికి రాయి పాతిన తొమ్మిదిమంది పేర్లు అందులో వస్తాయి. ఒక్కో పేరుకి తుడుము మీద రెండు దెబ్బలు పడతాయి. పేరు పాడిన ఇంటికే బుట్టలోంచి విత్తనం, వేటలో వాటా, కొండ మీద పోడు. అటవీ హక్కుల సర్వేకి వచ్చినవాళ్లు ఎవరి ఇల్లు పాతదని అడిగితే ఊరు ఈ పాటనే సాక్ష్యం చెబుతుంది. పండగ తర్వాత సర్వే మళ్లీ ఉంది.

పాట మొత్తం వచ్చింది ఇప్పుడు సోములమ్మ ఒక్కదానికే. ఆమెకి గొంతు పోతోందని, ఉండగానే పట్టి ఉంచమని తగువులు తీర్చే ఊరి నాయుడు అప్పలస్వామి కామేష్‌కి చెప్పాడు.

కామేష్ సాలూరులో డీజే సౌండు దగ్గర ఆరేళ్లు పనిచేసి, పాత కంప్యూటర్ ఒకటి, మైకు ఒకటి కొనుక్కుని ఊరికి వచ్చాడు. గది గోడలకి కాఫీ గోనె సంచులు కొట్టాడు. రికార్డింగుకి ఏ సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలో తేలక రెండు నెలల పాటు మూడింటిని మార్చి మార్చి చూశాడు. మొదటిది పదిహేను రోజులకోసారి నెట్‌కి తగిలించకపోతే తెరుచుకోదు. ఊళ్లో సిగ్నల్ నీళ్ల ట్యాంకు ఎక్కితేనే వస్తుంది. రెండోది ఉచితం, పాత కంప్యూటర్లోనూ నడుస్తుంది. కానీ అందులో కోసింది కోసినట్టే. సేవ్ కొడితే పాత శబ్దం మీదే కొత్తది రాసేస్తుంది. మూడోది అలా కాదు. రికార్డయిన ఫైలుని అది ముట్టుకోదు. ఎక్కడ కొయ్యాలో, ఏది పెంచాలో విడిగా గుర్తు పెట్టుకుంటుంది. అయితే కొనేదాకా తయారైన పాటలో ప్రతి నిమిషానికీ ఒక సెకను శబ్దం ఆపేస్తుంది.

“ముగ్గురు గుంటల్ని సూసి ముగ్గురికీ వంక పెట్టినోడిలాగున్నావు,” అని మంగ్లు అప్పట్లో నవ్వాడు. “ఏదో ఒకదానికి తాళి కట్టీరాదా?”

పేర్ల పాటని కామేష్ మూడోదాంట్లో రికార్డు చేశాడు. పాట అయిదు నిమిషాల పన్నెండు సెకన్లు. అయిదుచోట్ల శబ్దం ఆగుతుందని అతనికి తెలుసు. ఒక సెకనే కదా అనుకున్నాడు. పండగయ్యాక కొని మళ్లీ తీద్దామనుకున్నాడు.

సోములమ్మ చెయ్యి విరిగిందని విన్నాక ఆ సెకన్లు గుర్తొచ్చాయి.

మధ్యాహ్నం అప్పలస్వామి ఇంటి ముందు ఊరు కూర్చుంది. సోములమ్మ చేతికి వెదురు బద్దలు కట్టారు. సాలూరు వెళ్లి ఎక్స్‌రే తీయించుకోమని ఏఎన్ఎం చెప్పింది. ఆమె వెళ్లలేదు. భీముడు ఎదురుగా కూర్చున్నాడు. అతనికి మళ్లీ గొడ్డలి దొరికింది.

“ముందు ఆ గొడ్డలి ఇటు పడీ,” అన్నాడు అప్పలస్వామి. “పెళ్లికొచ్చేవేటి ఒళ్లో ఎట్టుకు కూకోడానికి?”

భీముడు గొడ్డలి విసిరాడు. అది కోళ్ల గంప మీద పడింది.

కామేష్ లేచి నిలబడ్డాడు. పన్ను పోయినచోటు నుంచి గాలి పోతోంది. “తప్పు పెద్దమ్మది కాదు నాయుడు మావా. నాది. ఆ సాఫ్ట్‌వేర్ నిమిసానికోపాలి ఒక సెకను మింగేత్తాది. మూడో నిమిసం కాడ డొంబ్రు తాత పేరు మింగేసింది. అసలు రికార్డింగు నా కంప్యూటర్లో అలాగే ఉంది. అందులో పేరుంటాది.”

“మిసను మింగిందా? మా తాతనే ఏరుకున్నాదేటి?” అన్నాడు భీముడు.

“నువ్వు నోర్ముయ్యి,” అన్నాడు అప్పలస్వామి. తర్వాత తీర్పు చెప్పాడు. శుక్రవారం పండగనాడు కంప్యూటర్ విత్తనాల బుట్ట దగ్గరికి తేవాలి. అసలు పాట అందరూ వింటారు. పేరు ఉంటే భీముడు అందరి ముందూ అత్త కాళ్లు పట్టుకుని మేకనివ్వాలి. పేరు లేకపోతే ఒక ఇంటిని కొండ మీంచి తీసేసినట్టు. ఆవిడ ఆ రోజే ఊరు విడిచి పోవాలి.

“ఊరొగ్గడమా?” అన్నాడు భీముడు. “పేరు నేకపోతే నాలిక కోసి ఆవిడ సేతిలో ఎడతాను. మీరు నన్ను ఎన్ని పాల్లు లాగుతారో లాగండి.”

సోములమ్మ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నొప్పి వల్ల అనుకున్నాడు కామేష్.

సోమవారం పదకొండు గంటలకి కరెంటు వచ్చింది. కామేష్ అసలు ఫైలు తెరిచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గెమ్మెల డొంబ్రు పేరు రెండు నిమిషాల యాభై ఏడో సెకను దగ్గర రావాలి. అక్కడ సోములమ్మ ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంది. తర్వాత మూడు సెకన్లు ఏమీ లేదు. మూడో నిమిషం దగ్గర తుడుము మీద రెండు దెబ్బలు పడ్డాయి. తర్వాతి పేరు మొదలైంది.

సాఫ్ట్‌వేర్ మింగింది ఆ రెండు దెబ్బల్ని. పేరుని కాదు. పేరు అసలు లేదు.

ఏడుసార్లు విన్నాడు. తర్వాత మంగ్లు దగ్గరికి వెళ్లాడు. మంగ్లు ఎండలో తుడుము తోలు బిగిస్తున్నాడు.

“నువ్వు పక్కనే ఉన్నావు కదా. పేరు రాలేదని తెలీలేదా?”

“తెలిసింది.”

“మరి దెబ్బలెందుకేసేవు?”

“పాట ఆగిపోతే నువ్వు ఏటయింది అని అడుగుతావు. ఆయమ్మ సెప్పాలి. అందుకేసేను.” మంగ్లు తోలు మీద వేలితో కొట్టి చూశాడు. “ఎల్లి ఆయమ్మనే అడుగు. నన్నడక్కు.”

మంగళవారం పొద్దున్న సోములమ్మ ఇంటి అరుగు మీద అడ్డాకుల విస్తర్లు కుడుతోంది. ఆకుని కాలి బొటనవేలి కింద నొక్కి కుడిచేత్తో పుల్ల గుచ్చుతోంది. కామేష్ ఎదురుగా కూర్చున్నాడు.

“పెద్దమ్మా, నువ్వా పేరు అన్లేదు.”

“అన్లేదు.”

“మరిసిపోనావా?”

“నీ బొడ్డు కోసినకాడ్నుంచి పాడతన్నాను. మరిసిపోతానేట్రా?”

ఆమె ఇంకో ఆకు తీసుకుంది.

“మిరియాల తీగ కోత్తా సెట్టు మీంచి పడిపోనాదన్నారు కదా నా గుంట,” అంది. “దానికి ఆకరి నీళ్లు పోసింది నాను. మంగ్లు ఆడది సెంబు అందిచ్చింది. ఈపు మీద కర్ర తట్లు పదకొండు. నాను లెక్కెట్టేను. మెడ కాడ సేతి ఏళ్లు నాలుగు అచ్చు పడ్డాయి. సెట్టుకి సేతులుంటాయేట్రా?”

“అప్పుడే సెప్పలేకపోయేవా?”

“సెప్పేను. అప్పలసామికి సెప్పేను. మనూరి మాట కిందకెల్లకూడదన్నాడు. పోలీసులొత్తే పోడు కూడా పోద్దన్నాడు. పాతిపెట్టీసేరు.”

“తర్వాత మూడు పండగలకి పాడేవు కదా. ఆ పేరు కూడా పాడేవు.”

“పండగలో తుడుము మోగతాది. వందమంది సేతులు పట్టుకుని ఆడతారు. కాళ్లు ఆడితే నోరూ ఆడతాది. ఆపడానికవదు. నీ గదిలో ఎవులూ నేరు. సెవులకి ఆ టోపీ ఎట్టేవు. నా గొంతు నాకే ఇనబడింది. నాను ఎవుల పేరు అంతన్నానో నాకే ఇనబడింది. ఆడి తాత పేరు కాడికొచ్చేసరికి ఇనబుద్దవలేదు.”

కామేష్ ఫోను తీశాడు. “ఒక్కపాలి అనీ పెద్దమ్మా. ఇక్కడే పడతాను. దాంట్లో అతికించేత్తాను. ఎవులికీ తెలీదు.”

“నానొల్ల.”

“సంపేత్తాడు నిన్ను.”

“దాన్ని సంపినోడు నన్ను సంపలేడేటి? నాకు తెల్దనుకున్నావా?” ఆమె పుల్ల కింద పెట్టింది. “నాకు సేతనైంది అదొక్కటేరా. అన్లేదు. దాన్ని ఒగ్గీ.”

కామేష్ లేచాడు. అతనికి పెదవి ఇంకా వాచి ఉంది. ఆదివారం ఈ మనిషి చెయ్యి విరిగింది తను అన్న “పాడింది పాడినట్టే ఉంది” అనే ఒక్క మాట వల్ల.

బుధవారం మధ్యాహ్నం అతను మళ్లీ మూడు సాఫ్ట్‌వేర్ల ముందు కూర్చున్నాడు. పేరుకి కావలసిన శబ్దం పాటలోనే ఉంది. “గెమ్మెల బుద్రు” నుంచి ఇంటిపేరు తీసి, “తాడంగి డొంబ్రు” నుంచి పేరు తీసి కలిపితే ఆ మూడు సెకన్లలో పడుతుంది. గొంతు ఆమెదే. మొదటిది తెరిస్తే నెట్ అడిగింది. మూడోదాంట్లో పని సులువు, కానీ అది అసలు ఫైలుని అలాగే ఉంచుతుంది. ఎవరైనా అతుకులు విప్పి చూడొచ్చు. భీముడి తమ్ముడు పార్వతీపురంలో కంప్యూటర్ కోర్సు చదువుతున్నాడు. పండగకి వస్తాడు.

కామేష్ రెండోది ఎంచుకున్నాడు. మొదట్లో దేనికోసం దాన్ని వద్దనుకున్నాడో ఇప్పుడు దానికోసమే తెరిచాడు. పేరు అతికించి, అంచులు సరిచేసి, సేవ్ కొట్టాడు. పాత ఫైలు మీద రాయమంటావా అని అడిగింది. అవునని నొక్కాడు. మూడోదాంట్లో ఉన్న పాట మొత్తం చెరిపేసి, చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. పని నలభై నిమిషాల్లో అయిపోయింది.

శుక్రవారం పదకొండు గంటలకి వేటకెళ్లినవాళ్లు రెండు కుందేళ్లతో తిరిగొచ్చారు. రాయి ముందు మేకని కోశారు. కోసిన కత్తి పళ్లెంలో విత్తనాల బుట్ట పక్కన పెట్టారు. బడి నుంచి వైరు లాగి కంప్యూటర్‌కి, స్పీకర్‌కి కరెంటు ఇచ్చారు. సోములమ్మని బుట్ట దగ్గర పీట మీద కూర్చోబెట్టారు. భీముడు గొడ్డలి భుజాన పెట్టుకుని ఆమెకి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

కామేష్ పాట వేశాడు. జన్నివాళ్లు వచ్చారు. సుర్రవాళ్లు వచ్చారు. భీముడు వేళ్లు మడుస్తున్నాడు. రెండు నిమిషాల యాభై ఏడో సెకను దగ్గర సోములమ్మ గొంతు గెమ్మెల డొంబ్రు అంది. తుడుము రెండుసార్లు మోగింది.

“ఉన్నాడు!” అని ఎవరో అరిచారు. “బతికే ఉన్నాడ్రా మీ తాత!”

నవ్వులు లేచాయి. భీముడు కూడా నవ్వాడు. మంగ్లు మాత్రం కామేష్ చెవి దగ్గరికి వంగాడు. “పేరుకీ పేరుకీ మద్దిన ఊపిరేదిరా?” అన్నాడు.

పాట అయ్యాక సోములమ్మ అంది, “అది నాను కాదు.”

“నువ్వు కాకపోతే ఎవులు, మీ అమ్మమ్మా?” అన్నాడు జనంలోంచి ఒకడు.

“నాను ఆ పేరు అన్లేదు. కామేసూ, అసలు పాట ఎయ్యి.”

“ఇదే పెద్దమ్మా.”

“ఇది కాదు. ఆ రోజుది. నానాపినది. ఎయ్యి.”

“నేదు పెద్దమ్మా. సెరిగిపోయింది.”

ఆమె అతని వైపు చూసింది. “సెరిగిపోయిందా, సెరిపేసేవా?”

అతను వంగి స్పీకర్ వైరు పీకాడు.

“ముసిల్దానికి నొప్పికి మతి పోనాది,” అని ఆడవాళ్లలో ఒకామె అంది. అందరూ ఆ మాటకే తలలూపారు. అప్పలస్వామి చెయ్యెత్తాడు. “పేరుంది. అందరం ఇన్నాం. ఒరే భీముడూ, బేగి కాళ్లట్టుకో. మాంసం సెడిపోతాది.”

భీముడు గొడ్డలి కింద పెట్టి ముందుకొచ్చాడు. వంగి అత్త రెండు కాళ్లూ పట్టుకున్నాడు. అతను అన్న మాట దగ్గరున్న నలుగురికే వినబడింది.

“తాత పేరు బాగా అన్నావత్తా. వచ్చే ఏడు కూడా ఇలాగే అనాలి.”

సోములమ్మ పళ్లెంలో కత్తి తీసుకుంది. కుడి చేత్తో వేసింది. మొదటి దెబ్బ మెడకీ భుజానికీ మధ్య దిగింది. అతను లేవబోయాడు. రెండోది తల వెనక పడింది. మూడోది వేలు తీసుకుపోయింది. అతను అప్పటికి చెయ్యి అడ్డం పెట్టాడు. విత్తనాల బుట్ట తిరగబడింది. భీముడి తమ్ముడు పరిగెత్తుకొచ్చి ఆమె ముఖం మీద తన్నాడు. ఆమె పడ్డాక కడుపులో మళ్లీ తన్నాడు. మంగ్లు తుడుముతో అతని నెత్తి మీద కొట్టాడు. చెక్క పగిలింది. గెమ్మెలవాళ్లు నలుగురు మంగ్లు మీద పడ్డారు. కామేష్ సోములమ్మ మీద బోర్లా పడుకున్నాడు. అతని వీపు మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో అతనికి తెలియదు. స్పీకర్ స్టాండు విరిగి పడటం వినబడింది.

భీముడిని ఆటోలో సాలూరు తీసుకెళ్లారు. అక్కడి నుంచి విజయనగరం పంపారు. మూడు గంటలకి పోలీసు జీపు వచ్చింది.

శనివారం ఉదయం స్టేషన్లో ఎస్ఐ కామేష్ వాంగ్మూలం రాసుకున్నాడు. సోములమ్మ గోడవారన బెంచీ మీద కూర్చుంది. ఆమె ఎడమ కన్ను మూసుకుపోయింది. గెమ్మెలవాళ్లు ఆరుగురు గేటు బయట నిలబడి ఉన్నారు. ఆస్పత్రిలో భీముడు బతికే ఉన్నాడు.

కామేష్ మొత్తం చెప్పాడు. ఎక్కడ కోశాడో, ఎక్కడ అతికించాడో, ఏ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎంచుకున్నాడో.

“అసలుది లేదంటున్నావు. గ్రూపులోదాంట్లో పేరుని సాఫ్ట్‌వేర్ మింగిందని ఊళ్లో నువ్వే చెప్పావు,” అన్నాడు ఎస్ఐ. “మరి ఆవిడ పేరు పలకలేదని ఎలా నమ్మాలి?”

“నేను విన్నాను సార్. మంగ్లు కూడా విన్నాడు.”

ఎస్ఐ పెన్ను బల్ల మీద పెట్టాడు. “చూడు. నొప్పితో మతి పోయి చేసిందని ఊరంతా చెబుతోంది. ఆ మాటే ఉంటే ఆవిడకి మంచిది. నువ్వు చెప్పింది రాస్తే ముందు నుంచీ పగ ఉందని తేలుతుంది. పేరు కావాలనే వదిలేసింది, కావాలనే నరికింది అవుతుంది. పైగా బయట నిలబడ్డవాళ్లు నిన్ను వదలరు. రాయమంటావా, వద్దా?”

కామేష్ ఈసారి తనే జవాబు చెప్పలేదు. బెంచీ దగ్గరికి వెళ్లి ఎస్ఐ అన్నది అన్నట్టు చెప్పాడు.

“నా మతి బాగానే ఉంది,” అంది సోములమ్మ. “నానన్లేదని రాయమను. ఎందుకన్లేదో కూడా రాయమను.”

ఎస్ఐ రాశాడు. రాస్తూ కూతురి పేరు దగ్గర ఆగాడు. వెనక ర్యాక్ దగ్గరున్న కానిస్టేబుల్‌ని పిలిచి, ఇప్పగుడ నిర్మల అని నాలుగేళ్ల కిందట ఏదైనా కేసు ఉందేమో చూడమన్నాడు. కానిస్టేబుల్ రెండు రిజిస్టర్లు తిప్పాడు. లేదన్నాడు.

ఎస్ఐ ఇంకో కాగితం తీసి పైన తేదీ వేశాడు.

“ఎప్పుడు చనిపోయింది?”

కామేష్ నోరు తెరిచేలోపు సోములమ్మ బెంచీ మీంచి లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

“సనిపోలేదు,” అంది. “సంపేరు. అది రాసి, తర్వాత తేదీ అడుగు.”